టవర్ లేని ఎయిర్‌పోర్టులో చిన్న విమానం: రన్‌వే భద్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను టెక్సస్‌లో చిన్న విమానాలు నడపడం నేర్చుకున్నాను. ఇక్కడికి శిక్షణకు వచ్చే మన తెలుగు పిల్లలు, ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి. టవర్ లేని చోట విమానం ఎలా దిగుతుంది, ఎవరు చూసుకుంటారు? ఆ జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో చెప్పే నియమాలు అమెరికావి. మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పేదానికి తోడుగా దీన్ని చదవండి.

టవర్ లేకుండా ఎయిర్‌పోర్టు నడుస్తుందా? చట్టం ఒప్పుకుంటుందా?

నడుస్తుంది, చట్టప్రకారమే నడుస్తుంది. అమెరికాలో ఎవరైనా వాడుకోగల ఎయిర్‌పోర్టులు సుమారు 5,000 ఉన్నాయి. వాటిలో కంట్రోల్ టవర్ ఉన్నవి 500 పైచిలుకు. అంటే దాదాపు పదింట తొమ్మిది చోట్ల "దిగు", "ఆగు" అని చెప్పే మనిషే లేడు. టవర్ ఉన్నవాటిలో కూడా చాలావాటిని రాత్రి పూట మూసేస్తారు. మూసిన క్షణం నుంచి అదీ టవర్ లేని ఎయిర్‌పోర్టే.

మన ఊళ్లలో సిగ్నల్ లేని నాలుగు రోడ్ల కూడలి గుర్తు తెచ్చుకోండి. ఒకరినొకరు చూసుకుని, హారన్ కొట్టి, వేగం తగ్గించి దాటుతారు. ఇక్కడా పద్ధతి అదే. కాకపోతే గాల్లో ఉన్న విమానానికి బ్రేక్ వేసి పక్కన నిలబడే వీలు లేదు.

మరి ఎవరు ముందు దిగాలో ఎవరు తేలుస్తారు?

నియమం తేలుస్తుంది, ఆ తర్వాత పైలట్ల మర్యాద తేలుస్తుంది. ఫైనల్‌లో, అంటే దిగే ముందు రన్‌వేకి సూటిగా వచ్చే చివరి దారిలో ఉన్న విమానానికి, దిగుతున్న విమానానికి మిగతావాళ్లు దారి ఇవ్వాలి. ఒకే రన్‌వేకి ఇద్దరు వస్తుంటే తక్కువ ఎత్తులో ఉన్నవాళ్లది ముందు హక్కు. కానీ ఆ హక్కు వాడుకుని, ముందే ఫైనల్‌లో ఉన్నవాళ్లకు అడ్డంగా దూరకూడదని అదే నియమంలో రాసి ఉంది.

విద్యార్థులకు నేను చెప్పే మాట ఒకటే. హక్కు మీదైనా సరే, అవతలివాడు మిమ్మల్ని చూశాడని నమ్మకం కుదరకపోతే వదిలేయండి. ఇంకో చుట్టు తిరిగి రావడానికి ఐదారు నిమిషాలు పడుతుంది, కాస్త పెట్రోలు ఖర్చవుతుంది.

రేడియోలో ఏం చెప్పాలి? ఎవరికి చెప్పాలి?

ప్రతి ఎయిర్‌పోర్టుకూ అందరూ వినే ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది. పైలట్లు దాన్ని "సీ-టాఫ్" అంటారు. అందులో మాట్లాడేది ఏ అధికారితోనూ కాదు, చుట్టుపక్కల ఎగురుతున్న తోటి పైలట్లతో. సుమారు 10 మైళ్ల దూరం నుంచే వినడం, చెప్పడం మొదలుపెట్టాలి.

వరస ఇలా ఉంటుంది: ఎయిర్‌పోర్టు పేరు, మీ విమానం, ఎక్కడ ఉన్నారు, ఏం చేయబోతున్నారు, చివర్లో మళ్లీ ఎయిర్‌పోర్టు పేరు. "వాట్సన్‌విల్ ట్రాఫిక్, సెస్నా ఫలానా నంబర్, లెఫ్ట్ డౌన్‌విండ్, రన్‌వే టూ జీరో, వాట్సన్‌విల్." ఇంతే. డౌన్‌విండ్ అంటే రన్‌వే పక్కన, దిగే దిక్కుకు ఎదురు దిక్కులో ఎగిరే దారి. పేరు రెండుసార్లు ఎందుకంటే, ఒకే ఫ్రీక్వెన్సీని పక్కపక్క ఊళ్లలోని ఎయిర్‌పోర్టులు పంచుకుంటాయి. ఉదాహరణకు 122.8 చాలాచోట్ల ఉంటుంది. మీ మాట మొదలు ఎవరికైనా వినపడకపోతే చివరి పేరు పట్టుకుని అర్థం చేసుకుంటారు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా రెండు విషయాలు. మనం ఇంగ్లీషు వేగంగా మాట్లాడతాం, టెన్షన్‌లో ఇంకా వేగం పెరుగుతుంది. యాస గురించి సిగ్గుపడక్కర్లేదు, వేగం మాత్రం తగ్గించండి. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ఆ తెగిపోయేది సాధారణంగా ఎయిర్‌పోర్టు పేరే. రెండోది అంకెలు. రన్‌వే అంకెలను విడివిడిగా పలకాలి: "వన్ త్రీ", "త్రీ వన్". ఈ రెండూ ఒకే రన్‌వే రెండు కొసలు! అంకె తారుమారైతే మీరు ఒక కొస నుంచి వస్తూ ఎదురు కొస నుంచి వస్తున్నానని చెప్పినట్టవుతుంది. బటన్ నొక్కే ముందు ముందున్న దిక్సూచిని ఓసారి చూసి మాట్లాడండి. రన్‌వే నంబర్ అంటే ఆ దిక్కు డిగ్రీల్లో చివరి సున్నా తీసేసినదే కదా, ఫైనల్‌లో 130 డిగ్రీల వైపు ముక్కు ఉంటే వన్ త్రీ.

ఇంకో అలవాటు మానుకోవాలి. "ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి" అని ఫ్రీక్వెన్సీలో అడగడం. ఇలా అడగొద్దని అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ తన పైలట్ల మాన్యువల్‌లో స్పష్టంగా రాసింది. అడిగిన వెంటనే నలుగురు ఒకేసారి బటన్ నొక్కుతారు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ముందే వచ్చి వినండి, వింటే మీకే తెలుస్తుంది.

రేడియోలో ఎవరూ పలకడం లేదు. రన్‌వే ఖాళీ అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే సమయం ఉంటే ఇదే చదవండి.

టవర్ లేని చాలా ఎయిర్‌పోర్టుల్లో విమానానికి రేడియో ఉండి తీరాలన్న నియమం లేదు. కరెంటు వ్యవస్థే లేని పాతకాలపు పైపర్ కబ్‌లు ఇప్పటికీ చక్కగా ఎగురుతున్నాయి. వాళ్లు తప్పు చేస్తున్నట్టు కాదు. రేడియో ఉన్నవాళ్లు కూడా వేరే ఫ్రీక్వెన్సీలో ఉండొచ్చు, వాల్యూమ్ తగ్గి ఉండొచ్చు, ఇంకా పక్క ఎయిర్‌పోర్టువాళ్లతో మాట్లాడుతూ ఉండొచ్చు. లేదా ఆ వేరే ఫ్రీక్వెన్సీలో ఉన్నది మీరే కావచ్చు.

నాకు అదే జరిగింది. విద్యార్థిగా ఒంటరిగా చేసిన దూర ప్రయాణాల్లో ఒకదానిలో, పత్తి చేల మధ్య ఉన్న ఒక చిన్న ఎయిర్‌పోర్టులో దిగాను. నీళ్లు తాగి, మ్యాప్ చూసుకుని, తిరుగు ప్రయాణానికి ఇంజన్ స్టార్ట్ చేశాను. తర్వాత దిగబోయే ఎయిర్‌పోర్టు ఫ్రీక్వెన్సీ ముందుగానే పెట్టుకుంటే పని తగ్గుతుందనుకున్నాను, పెట్టాను, ఆ సంగతి మరిచిపోయాను. ట్యాక్సీ చేస్తూ, అంటే నేల మీద విమానాన్ని నడిపిస్తూ, చెప్పాల్సినవన్నీ పద్ధతిగా చెప్పాను. ఎవరూ బదులు పలకలేదు. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను.

రన్‌వే ఎక్కే ముందు ఆగాల్సిన గీత, హోల్డ్ లైన్ దగ్గర బ్రేక్ తీయబోతూ, మా ఇన్‌స్ట్రక్టర్ పెట్టిన అలవాటు కొద్దీ ఫైనల్ వైపు తల తిప్పాను. పొలాలకు మందు కొట్టే పసుపు రంగు విమానం ఒకటి చెట్ల ఎత్తులో నేరుగా రన్‌వే మీదికి వస్తోంది. కాళ్లు బ్రేకుల మీద బిగుసుకుపోయాయి. అది నా ముందు నుంచి దిగి, చివరిదాకా పరుగెత్తి ఆగింది. దాన్ని నడిపిన పెద్దాయన నా పక్కగా ట్యాక్సీ చేస్తూ వచ్చి, ఇంజన్ ఆపి, దిగి అడిగాడు, "బాబూ, ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నావు?" అని. ఆయన వస్తున్నంతసేపూ ఫ్రీక్వెన్సీలో చెబుతూనే ఉన్నాడు. నేను ముప్పై మైళ్ల అవతల ఉన్న ఊరికి చెబుతున్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

అప్పటి నుంచి రన్‌వే ఎక్కే ముందు రేడియో తెర మీది అంకెను వేలితో తాకి, చార్టులో ఉన్న అంకెతో పోల్చి, పైకి చదువుతాను. వేలు పెట్టకుండా ఊరికే చూస్తే కన్ను తను ఆశించిన అంకెనే చూస్తుంది.

క్విన్సీ ప్రమాదం గురించి అందరూ చెబుతారు. అక్కడ ఏం జరిగింది?

1996 నవంబర్ 19, సాయంత్రం చీకటి పడే వేళ, ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ ఎయిర్‌పోర్టు. టవర్ లేదు, ఒకదాన్నొకటి కోసుకుని పోయే రన్‌వేలున్నాయి. యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 5925 అనే చిన్న ప్రయాణికుల విమానం, బీచ్‌క్రాఫ్ట్ 1900, రన్‌వే 13 మీద దిగడానికి వస్తోంది. లోపల పది మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు. రన్‌వే 04 మీద కింగ్ ఎయిర్ అనే రెండు ఇంజన్ల విమానం బయలుదేరడానికి నిలబడి ఉంది, అందులో ఇద్దరు. దాని వెనకాల చెరొకీ అనే చిన్న విమానం తన వంతు కోసం ఆగి ఉంది.

దిగుతున్న విమానం పైలట్లు చేయాల్సిందంతా చేశారు. ఎక్కడున్నదీ పదేపదే చెప్పారు. రన్‌వే 04 మీదున్న విమానం ఆగుతుందా, బయలుదేరుతుందా అని నేరుగా అడిగారు కూడా. కింగ్ ఎయిర్ నుంచి జవాబు లేదు. వెనక ఉన్న చెరొకీ పైలట్ పలికాడు, తాను ఆగి ఉన్నానని. అతను మాట్లాడుతుండగానే, దిగుతున్న విమానం కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే యంత్రం "టూ హండ్రెడ్" అని పలికింది. మాటల మధ్యలో ముక్క పోయింది. మిగిలిన ముక్కల్లో "రన్‌వే 04", "కింగ్ ఎయిర్" అన్నవి ఉన్నాయి. కింగ్ ఎయిరే ఆగుతానని చెప్పిందని ఆ పైలట్లు అర్థం చేసుకున్నారు.

కింగ్ ఎయిర్ ఆగలేదు. రెండూ రన్‌వేలు కలిసే చోట ఢీకొన్నాయి. గుద్దుకున్నప్పుడు కాదు, ఆ తర్వాత వచ్చిన మంటలూ పొగా మొత్తం 14 మందినీ బలి తీసుకున్నాయి. ఎయిర్‌పోర్టులో ఉన్న పైలట్లు పరుగెత్తుకుంటూ వెళ్లి ప్రయాణికుల విమానం తలుపు తీయాలని చూశారు, అది తెరుచుకోలేదు. ఆ సమయానికి అక్కడ అగ్నిమాపక సిబ్బంది లేరు.

దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా చెప్పింది కింగ్ ఎయిర్ పైలట్ల గురించి. వాళ్లు ఫ్రీక్వెన్సీని సరిగా వినలేదు, లేదా బయట సరిగా చూడలేదు. చెరొకీ మాట మధ్యలో తెగి, అపార్థం కలిగించడం తోడు కారణం.

నేను దీన్ని చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నా మనసు అడిగిన పైలట్ల దగ్గరే ఆగిపోతుంది. మంచి పైలట్లు, మంచి ప్రశ్న, జవాబు కూడా వచ్చింది. అయినా ఆ జవాబు ఇచ్చింది ఎవరో తేలలేదు. టవర్ లేని చోట రేడియోలో వినిపించే ఏ మాటా అనుమతి కాదు, అది సమాచారం మాత్రమే, దానికి సగం సగంగా వినపడే గుణం ఉంది. ఎవరు పలికారో ఖాయంగా తెలియకపోతే మళ్లీ అడగండి. అడిగే టైమ్ లేకపోతే గో-అరౌండ్ చేయండి, అంటే దిగకుండా పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రండి. మీరు చెరొకీలో ఉన్నవారైతే, అడిగింది మిమ్మల్ని కాదని తెలిసినప్పుడు "నేను వెనక ఉన్న చెరొకీని" అన్న మాటతో మొదలుపెట్టండి.

ప్యాటర్న్ అంటే ఏమిటి? ఎంత ఎత్తులో, ఎటు వైపు తిరగాలి?

రన్‌వే చుట్టూ గాల్లో గీసుకున్న దీర్ఘచతురస్రం అనుకోండి. మామూలుగా మలుపులన్నీ ఎడమవైపే. కుడివైపు తిరగాల్సిన రన్‌వే అయితే చార్టులో రాసి ఉంటుంది, నేల మీద గుర్తులూ ఉంటాయి. ప్రొపెల్లర్ చిన్న విమానాలు సాధారణంగా నేల నుంచి 1,000 అడుగుల ఎత్తులో, పెద్దవి, జెట్లు 1,500 అడుగుల్లో తిరుగుతాయి. లోపలికి రావాలంటే డౌన్‌విండ్ మధ్య భాగానికి 45 డిగ్రీల కోణంలో, ఆ ఎత్తుకు ముందే చేరుకుని రావాలి. పైనుంచి దిగుతూ ప్యాటర్న్‌లోకి దూరితే కింద ఉన్నవాళ్లు మీకు కనపడరు.

కెనడాలో చేరే పద్ధతి వేరు. అక్కడ శిక్షణ తీసుకునేవాళ్లు అక్కడి పుస్తకమే చదవండి.

ప్యాటర్న్ తిరగకుండా నేరుగా వచ్చి దిగడం తప్పా?

చట్టం దృష్టిలో తప్పు కాదు. కానీ ప్యాటర్న్‌లో ఉన్నవాళ్ల వరసను చెడగొట్టకూడదు.

2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో జరిగింది చూడండి. అదీ టవర్ లేని ఎయిర్‌పోర్టే, బాగా రద్దీగా ఉంటుంది. ఒక సెస్నా 152, అంటే రెండు సీట్ల శిక్షణ విమానం, ప్యాటర్న్‌లో తిరుగుతూ ల్యాండింగ్‌లు సాధన చేస్తోంది. రెండు ఇంజన్ల సెస్నా 340 ఒకటి దూరం నుంచి నేరుగా ఫైనల్‌కి వచ్చింది. ఇద్దరూ రేడియోలో చెబుతూనే ఉన్నారు, ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉంది. పెద్ద విమానం దిగడానికి తగిన వేగం కంటే చాలా ఎక్కువ వేగంతో వస్తోంది. వెనక నుంచి అంత వేగంగా వస్తుండటం గమనించి చిన్న విమానం పైలట్ గో-అరౌండ్ చేస్తున్నానన్నాడు. ఆ మాట అన్న కాసేపటికే ఢీకొన్నాయి. ముగ్గురు చనిపోయారు.

"మూడు మైళ్ల ఫైనల్" అని ఒకరు చెబితే, విన్నవారి తలలో వాళ్ల సొంత విమానం వేగమే లెక్కకు వస్తుంది. సెస్నా 152కి మూడు మైళ్లంటే దాదాపు మూడు నిమిషాలు. 180 నాట్ల, అంటే గంటకు 180 నాటికల్ మైళ్ల, వేగంతో వచ్చే విమానానికి ఒక్క నిమిషం. అందుకే నేరుగా వచ్చేవాళ్లు దూరంతోపాటు నిమిషాలు కూడా చెబితే మంచిది, వినేవాళ్లు అడిగినా మంచిదే.

ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్, అంటే పరికరాల సాయంతో రన్‌వే దాకా రావడం, సాధన చేసేవాళ్లకు ఒక విన్నపం. మీరు ఫలానా ఫిక్స్, అంటే చార్టులో పేరు పెట్టిన బిందువు, దాటామని పేరు పెట్టి చెబితే, పది గంటల అనుభవం ఉన్న విద్యార్థికి అదెక్కడో తెలియదు. "ఉత్తరాన ఐదు మైళ్లు, నేరుగా ఫైనల్" అని మామూలు భాషలో చెప్పండి.

టాబ్లెట్‌లో పక్క విమానాలన్నీ కనిపిస్తాయి కదా, ఇంకా కిటికీలోంచి చూడటం ఎందుకు?

ముఖ్యంగా ఏడీఎస్-బీ అనే, తాము ఎక్కడున్నదీ రేడియోలో చెప్పే పరికరం ఉన్న విమానాలే అలా కనిపిస్తాయి. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి కొన్ని రకాల ఎయిర్‌స్పేస్‌లో అది తప్పనిసరి, పెద్ద నగరాల చుట్టూ, 10,000 అడుగుల పైన. పల్లె ఎయిర్‌పోర్టుల దగ్గర తక్కువ ఎత్తులో తప్పనిసరి కాదు. పది మైళ్ల అవతల ఎవరున్నారో తెలుసుకోవడానికి నేనూ దాన్ని వాడతాను. ప్యాటర్న్‌లోకి వచ్చాక మాత్రం దాన్ని చూడటం ఆపేస్తాను. తెర మీది బొమ్మ వెతుకుతూ తల దించితే, తెరలో లేని విమానం బయట ఉన్నా కనపడదు.

రెక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సెస్నా లాంటి వాటికి రెక్క తల పైన ఉంటుంది, పైన ఉన్నది కనపడదు. పైపర్ చెరొకీ లాంటి వాటికి రెక్క కింద ఉంటుంది, కింద ఉన్నది కనపడదు. ఫైనల్‌లో చెరొకీ పైన, సెస్నా కింద ఉంటే ఇద్దరూ ఒకే రన్‌వే వైపు చూస్తూ, ఒకరికొకరు కనపడకుండా ఒకరి మీదికి ఒకరు దిగుతూ పోతారు. ఇది పాత ప్రమాదమే, ఇప్పటికీ జరుగుతోంది. బేస్ నుంచి, అంటే డౌన్‌విండ్‌ను ఫైనల్‌తో కలిపే చిన్న పక్క నుంచి, ఫైనల్‌కు తిరిగే ముందు, రెక్క కాస్త ఎత్తి లేదా వంచి, ఫైనల్ పొడవునా చూడండి.

రన్‌వే మీదికి ఎక్కే ముందు సరిగ్గా ఏం చేయాలి?

హోల్డ్ లైన్ నాలుగు పసుపు గీతలు: రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు మీ వైపు ఉంటే ఆగాలి. ట్యాక్సీవే వైపు నుంచి వచ్చేటప్పుడు అలాగే కనిపిస్తాయి. టవర్ ఉన్నచోట ఈ గీత దాటడానికి ఎవరో అనుమతి ఇస్తారు. ఇక్కడ ఆ అనుమతి మీకు మీరే ఇచ్చుకోవాలి, కాబట్టి అంత సులువుగా ఇవ్వకండి.

నేను చేసేది చెబుతాను. గీతకు ముందు ఆగి విమానాన్ని చోటు ఉంటే పూర్తిగా చుట్టూ ఒకసారి తిప్పుతాను. అలా తిరిగితే ఫైనల్, బేస్, డౌన్‌విండ్ అన్నీ కిటికీ ముందుకు వస్తాయి, రెక్క చాటున ఉన్నవి కూడా. ఎదురు కొస ఫైనల్ కూడా చూస్తాను, అటు నుంచీ రావచ్చు. అడ్డంగా కోసే రన్‌వే ఉంటే దాని రెండు కొసలూ. ల్యాండింగ్ లైట్ వేసి, చెప్పి, ఎక్కి, వెంటనే బయలుదేరతాను. రన్‌వే మీద ఎక్కి నిలబడి ఆలోచించుకోవడం మాత్రం ఎప్పుడూ చేయను. నిలబడితే మీ వీపు ఫైనల్ వైపు ఉంటుంది, దిగే విమానం మీకు చివరి క్షణం దాకా తెలియదు. సీట్ బెల్టు, ఫ్లాప్స్, దిక్సూచి సరిచూసుకోవడం అంతా గీతకు ఇవతలే ముగించండి.

దిగాక కూడా మొత్తం విమానం, తోకతో సహా, గీత దాటాకే "క్లియర్" అని చెప్పండి.

గాలి లేని రోజు ఏ రన్‌వే వాడాలి?

నా అనుభవంలో గాలి బాగా వీచే రోజు కంటే నిశ్చలంగా ఉన్న రోజే ప్రమాదం. గాలి ఉంటే అందరూ దానికి ఎదురుగానే దిగుతారు, ఎగురుతారు. గాలి లేకపోతే ఒకరు హ్యాంగర్‌కు దగ్గరని ఈ కొస, ఇంకొకరు ఇంటి దిక్కని ఆ కొస ఎంచుకుంటారు. మధ్యలో ఎత్తు పెరిగిన రన్‌వేల మీద ఒక కొసన నిలబడితే రెండో కొస కనపడకపోవచ్చు కూడా. ఇప్పటికే ఎవరైనా ఒక రన్‌వే వాడుతుంటే మీరూ అదే వాడండి.

గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, వేలాడుతోందని వెనక గాలిని పట్టించుకోకుండా ఉండొద్దు. దిగే వేగంలో 10 శాతం మేర వెనక నుంచి గాలి వీస్తే, దిగడానికి పట్టే పొడవు సుమారు 21 శాతం పెరుగుతుంది. అరవై నాట్లతో దిగే విమానానికి ఆ పది శాతం అంటే ఆరు నాట్ల గాలి, చెంపకు తగిలీ తగలనట్టు ఉంటుంది. ఎండ, ఎత్తు కలిస్తే ఇంకా కష్టం. కొలరాడోలోని లెడ్‌విల్ ఎయిర్‌పోర్టు 9,934 అడుగుల ఎత్తులో ఉంది. మండు వేసవి మధ్యాహ్నం అక్కడ అలవాటైన చిన్న విమానమే వేరే విమానంలా అనిపిస్తుంది. పొడవు లెక్క కట్టకుండా కొత్త ఎయిర్‌పోర్టుకు వెళ్లొద్దు. ఆ లెక్క చూసుకోవడం చట్టం ప్రకారం కూడా పైలట్ బాధ్యతే.

రన్‌వే మీది గుర్తుల్లో విద్యార్థులు ఎక్కువగా పొరబడేవి ఏవి?

తెల్ల బాణాలున్న భాగం: అక్కడ ట్యాక్సీ చేయొచ్చు, అక్కడి నుంచి ఎగరడం మొదలుపెట్టొచ్చు, దిగడం మాత్రం బాణాలు దాటాకే. పసుపు రంగు వీ ఆకారపు చారలు: అసలు వాడకూడదు. పెద్ద పసుపు ఎక్స్: మూసేశారు.

రాత్రి రన్‌వే లైట్లు ఎవరు వేస్తారు?

చాలాచోట్ల మీరే. సీ-టాఫ్‌లో, లేదా చార్టులో చెప్పిన ఫ్రీక్వెన్సీలో, ఐదు సెకన్లలో మైక్ బటన్ మూడుసార్లు నొక్కితే తక్కువ వెలుగు, ఐదుసార్లకు మధ్యస్థం, ఏడుసార్లకు పూర్తి వెలుగు. సాధారణంగా 15 నిమిషాలు వెలుగుతాయి. ఫైనల్‌కు ముందు మళ్లీ నొక్కండి, నేల అందబోయే క్షణంలో ఆరిపోకుండా ఉంటాయి.

మీరు నొక్కకముందే లైట్లు వెలుగుతూ ఉంటే ఒక్క క్షణం ఆలోచించండి. కాసేపటి క్రితం ఎవరో నొక్కి ఉండొచ్చు, వాళ్లు ఇంకా దగ్గర్లోనే ఉండొచ్చు.

టెక్సస్‌లో రాత్రిళ్లు, తెల్లవారుజామున జింకల గుంపులు రన్‌వే మీదికి వస్తాయి. అనుమానం ఉంటే ఒకసారి తక్కువ ఎత్తులో రన్‌వే పైన ఎగిరి చూసి, తిరిగి వచ్చి దిగండి.

మన దగ్గర పరిస్థితి ఏమిటి?

కడప ఎయిర్‌పోర్టులో ఫ్లయింగ్ స్కూళ్ల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చోటు కేటాయించింది, కాబట్టి ఈ ప్రశ్న ఇక ముందు ఇంకా వస్తుంది. భారత్‌లో నియమాలు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏవి, ఫ్రీక్వెన్సీలు, విధానాలు ఏఐపీ అనే అధికారిక సమాచార పుస్తకంలో ఉంటాయి. అమెరికాలో నేర్చుకుని వచ్చి అక్కడి అలవాటుతో భారత్‌లో ఎగరకూడదు. కళ్లతో వెతికే అలవాటు, తెగిన మాటను నమ్మని అలవాటు మాత్రం తప్పకుండా తెచ్చుకోండి.

మా అమ్మాయి శిక్షణకు వెళ్తోంది. స్కూల్‌ను ఏం అడగాలి?

ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రుల గొంతులో భయం నాకు తెలుసు. 2025 జూలై 8న కెనడాలోని మానిటోబాలో, స్టైన్‌బాక్ దగ్గర రెండు శిక్షణ విమానాలు రన్‌వేకి దగ్గర్లో గాల్లో ఢీకొన్నాయి. నడుపుతున్న ఇద్దరు విద్యార్థులూ చనిపోయారు, ఒకరు కేరళ నుంచి వెళ్లిన అబ్బాయి. ఆ వార్త వచ్చిన వారం నాకు ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్క లేదు.

ఇవి అడగండి. ఒకేసారి ప్యాటర్న్‌లో మీ స్కూల్ విమానాలు ఎన్ని ఉండనిస్తారు, దానికి పరిమితి ఉందా? ఒంటరిగా పంపే ముందు టవర్ లేని ఎయిర్‌పోర్టులో ఎన్ని ల్యాండింగ్‌లు చేయిస్తారు? గో-అరౌండ్ చేసినందుకు ఆ గంట డబ్బులు దండగ అనే వాతావరణం అక్కడ ఉందా? చివరి ప్రశ్నకు జవాబు స్కూల్ ఆఫీసులో దొరకదు, అక్కడ చదువుతున్న పిల్లల్ని అడగాలి. డబ్బు లెక్కలు పిల్లల మీద గట్టిగా పని చేస్తాయి. గంటకు వందల డాలర్లు పోస్తున్నారని తెలిసిన పిల్లవాడు, ఇంకో చుట్టు తిరగాల్సి వచ్చినప్పుడు ఆ ఖర్చే గుర్తొచ్చి దిగిపోవాలని చూస్తాడు. మీరే ఫోన్లో ఒకసారి చెప్పండి: "అమ్మా, అనుమానం వస్తే ఎన్నిసార్లయినా తిరుగు, ఆ డబ్బు గురించి ఆలోచించకు." ఇన్‌స్ట్రక్టర్ వందసార్లు చెప్పినదానికంటే ఇది లోపలికి వెళ్తుంది.

తప్పు చేశాను, ఎవరికీ ఏమీ కాలేదు. చెప్పాలా?

చెప్పండి. నాసా 1976 నుంచి నడుపుతున్న ఏఎస్ఆర్ఎస్ అనే వ్యవస్థ ఉంది. అందులో జరిగింది రాసి పంపితే మీ పేరు తీసేసి, విషయాన్ని మాత్రం భద్రత కోసం వాడతారు. కావాలని చేసిన తప్పు, నేరం, ప్రమాదం కాకపోతే, పది రోజుల్లోగా పంపితే, నియమం ఉల్లంఘించినట్టు తేలినా ఎఫ్ఏఏ సాధారణంగా శిక్ష విధించదు. ఎఫ్ఏఏ బయట నాసా దీన్ని నడపడానికి కారణం అదే, పైలట్లు భయపడకుండా రాయాలని.

ఆ పసుపు విమానం సంగతి నేను అదే రాత్రి రాశాను. ఫ్రీక్వెన్సీ అంకెలు రెండూ రాశాను, ఎందుకు తప్పు పెట్టుకున్నానో రాశాను. మర్నాడు ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించాను. ఆయన చదివి, నన్ను విమానం దగ్గరికి తీసుకెళ్లి, రేడియో మీద వేలు పెట్టించి, ఫ్రీక్వెన్సీ పైకి చదివించాడు.